పెళ్ళిచీరకు రెండో ముహూర్తం

మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ పెళ్ళిచీర మీద ఒక వాదన నడుస్తుంది. ఎక్కడ కొనాలి, ఎంతలో కొనాలి అంటూ అందరూ మాట్లాడతారు. పెళ్ళయ్యాక ఆ చీర ఏమవ్వాలని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ముందు వేసుకుంటే కొనే చీరే మారిపోతుందని నా నమ్మకం. కింద మాట్లాడుకునేవాళ్ళలో ఒకరు తెనాలిలో ఉండే మేనత్త, టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. రెండోది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మేనకోడలు, పెళ్ళికూతురు. ఇద్దరూ నా కల్పనే. వాళ్ళ మాటలు మాత్రం చీరల కొట్లలోనూ పెళ్ళి ఇళ్ళల్లోనూ నేను విన్నవి.

అత్త: నువ్వు ఫోన్లో పంపిన గద్వాల చీర చూశానమ్మా. చక్కగా ఉంది, సంక్రాంతికి కట్టుకో. పెళ్ళికి మాత్రం కంచి పట్టు కొందాం, కాదంటే ధర్మవరం. పీటల మీద కూర్చున్న పిల్ల నిండుగా కనపడాలి.

కోడలు: ఆ పీటల మీద కూర్చునేది నేను కదత్తా. గౌరీపూజ మొదలుకుని అప్పగింతల దాకా కూర్చోవడం, లేవడం, వంగడం, హోమం చుట్టూ తిరగడం. అక్క పెళ్ళి చూశావుగా. దాదాపు కిలో బరువున్న చీర, పైన వడ్డాణం, మెళ్ళో రెండు దండలు. ఏడడుగులప్పుడు కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డంపడి బావ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. ఆల్బం తిప్పితే చీర బ్రహ్మాండంగా ఉంటుంది. అక్క మొహం చూస్తే ఎప్పుడు అయిపోతుందా అన్నట్టుంటుంది.

అత్త: తెల్లవారుజామున మూడింటికి లేపి జడ వేస్తే ఎవరి మొహమైనా అలాగే ఉంటుంది. గట్టి పట్టుకి ఒక గుణం ఉంది. పెట్టిన కుచ్చిళ్ళు పెట్టినట్టే నిలుస్తాయి, పైట జారదు. పల్చటి చీర పొట్ట దగ్గరా నడుం దగ్గరా అతుక్కుంటుంది. నువ్వు సన్నగా రివటలా ఉంటావు, గట్టి పట్టు నీకు నిండుదనం ఇస్తుంది. ఇదే మాట మీ పిన్నికి చెప్పను. ఒళ్ళున్న మనిషిని గట్టి పట్టు ఇంకా లావు చేసి చూపిస్తుంది. ఆవిడకి మెత్త పట్టు నప్పుతుంది.

కోడలు: అది ఒప్పుకుంటాను. మరి అంచు సంగతి? నేను ఐదడుగుల ఒకంగుళం. నువ్వు చెప్పే కంచి చీరకి రెండు పక్కలా జానెడు అంచు. కింద జానెడు, పైన జానెడు పోతే మధ్యలో నేనెక్కడ కనపడతాను? పొడుగ్గా ఉండే మా రూమ్మేట్‌కి ఆ అంచు రాజసంగా ఉంటుంది. నాకు కింద నాలుగంగుళాలు, భుజం వైపు సన్నంచు ఉంటే చాలు.

అత్త: అలా చిన్నా పెద్దా అంచులున్న చీరలు కంచిలోనూ నేస్తారు. అడిగితే తీస్తారు. కొట్టువాడు మొదట పరిచే పది చీరలూ వాడికి అమ్ముడుపోవాల్సినవి. మనకి కావలసింది మనం నోరు తెరిచి అడగాలి.

కోడలు: కొట్లో నాకు నచ్చనిది ఇంకోటుంది. అద్దం ముందు నిలబెట్టి, ఒక మడత నడుముకి చుట్టి, కొంగు చేతిమీద పరిచి చూపిస్తారు. పెళ్ళిలో నన్ను అలా చూసేవాళ్ళెవరు? ఎక్కువసేపు కూర్చునే ఉంటాను. కొంగు వీపు వెనక్కి పోతుంది, దాని మీద జడ, పూలు. కుచ్చిళ్ళు ఒళ్ళో నలిగి ఉంటాయి. కనపడేదల్లా భుజం మీది అంచు, రవికె చేతులు, మోకాళ్ళ మీద పరుచుకున్న కింది అంచు. అందుకే మొన్న కొట్లో పరుపు మీదే బాసింపట్టు వేసుకుని, చీర కప్పించుకుని ఓ పావుగంట కూర్చున్నాను. రెండు చీరలు అక్కడే తేలిపోయాయి. ఒకదాని జరీ మెడ దగ్గర గీరుకుంది. రెండోది మోకాలి మీద గుడారంలా లేచి నిలబడింది.

అత్త: ఆ పని మంచిదే చేశావు. మా రోజుల్లో మాకు ఆ అవకాశం ఎక్కడిది. ఇంకోటి కూడా చేయాల్సింది. చీర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి పగటి వెలుగులో చూడాలి. కొట్లో ఆ తెల్ల లైట్ల కింద వంగపండు రంగు నేరేడు రంగులా కనపడుతుంది, ఇంటికి తెచ్చాక లబోదిబోమంటాం. నీ ముహూర్తం రాత్రిపూట. మండపంలో పసుపు బల్బులు, పైన వీడియో లైటు. ఆ వెలుగులో లేత రంగులు వెలిసిపోయినట్టుంటాయి. పైగా పెళ్ళినాడు మొహానికి పసుపు, కాళ్ళకి పసుపు, పారాణి. మెంతి రంగో గంధం రంగో కట్టావనుకో, చీరా నువ్వూ కలిసిపోతారు. అరక్కు, నెమలికంఠం, నేరేడు, ముదురాకుపచ్చ, వీటిల్లో ఏదైనా మొహాన్ని ఎత్తి చూపిస్తుంది.

కోడలు: నేరేడు రంగు నాకిష్టం. అది తీయమంటే కొట్టులో ఆయన ఏమన్నాడో తెలుసా? "ముదురు రంగులు వద్దమ్మా, ఇంకా ఛాయ తగ్గి కనపడతారు, ఇది కట్టండి తెల్లగా కనపడతారు" అని ఉల్లిపొర రంగు తీశాడు. పక్కన అమ్మ కూడా తలూపింది. నాకు ఏడుపొచ్చింది అత్తా. నా రంగు దాచే చీర కోసమా నేను వెళ్ళింది?

అత్త: మీ అమ్మ సంగతి నేను మాట్లాడతాను. చామనఛాయ మీద నేరేడు రంగు, ఎర్రటి అంచు వెలిగినట్టు ఇంకోటి వెలగదు. నప్పడమంటే తెల్లగా కనపడటం అని ఎవరు నేర్పారో గానీ, ఆ మాట విని ఎన్ని తరాల ఆడపిల్లలు ఇష్టంలేని రంగులు కట్టారో. నా పెళ్ళిచీర 1986లో మా నాన్న, పెదనాన్న కంచికి వెళ్ళి తెచ్చారు. నీకే రంగు కావాలని ఒక్కరూ అడగలేదు. నువ్వు నేరేడే కొనుక్కో. కానీ కంచిది కొను. అది ఆస్తిలాంటిది తల్లీ, జరీలో వెండి ఉంటుంది.

కోడలు: ఏ జరీలో? అసలు జరీ అంటే పట్టు పోగు చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారం పూత పూసింది. ఇప్పుడు కొట్లలో కనపడే చీరల్లో చాలావాటికి రాగి తీగ మీద వెండి పూత, ఇంకా చవకైతే ప్లాస్టిక్ పోగు మీద మెరుపు. అమ్మేటప్పుడు మాత్రం అన్నీ ప్యూర్ జరీలే.

అత్త: సిల్క్ మార్క్ చీటీ ఉంది కదా.

కోడలు: 2004లో కేంద్ర సిల్క్ బోర్డు తెచ్చిన చీటీ అది. పట్టు అసలైనదా కాదా అన్నంతవరకే హామీ. జరీ గురించి అది మాట్లాడదు. జరీలో వెండి ఎంతుందో చూపించే యంత్రాలు కొన్ని కొట్లలో ఉన్నాయి. అంత డబ్బు పెట్టేటప్పుడు దాని మీద పెట్టి చూపించమనాలి, బిల్లు మీద రాసివ్వమనాలి. రాయనన్నవాడి దగ్గర జరీకి డబ్బెందుకివ్వాలి? అయినా ఆస్తి అంటే అమ్ముకోగలగాలి. పెళ్ళిచీర అమ్ముకున్నవాళ్ళని చూశావా?

అత్త: చూశాను. మీ నాయనమ్మే. ఆ ఏడు పంట పోయింది. పాత పట్టుచీరలు కొంటామని అరుచుకుంటూ ఒకతను వీధిలోకి వచ్చాడు. అరుగు మీద కూర్చుని అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించి పెట్టాడు. పట్టు జుట్టు కాలిన కంపు కొట్టి మాడిపోయింది, వేళ్ళ మధ్య వెండి పోగు మిగిలింది. కళ్ళు చిట్లించి చూసి తక్కెట్లో వేశాడు. అరక్కు రంగు చీర అది, కొంగు నిండా మామిడిపిందెలు. వాళ్ళకి చీరతో పనిలేదమ్మా. కాల్చి వెండి తీసుకుంటారు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది, డబ్బులు కూడా నేనే అందుకున్నాను.

కోడలు: నాకెవరూ చెప్పలేదు.

అత్త: చెప్పుకునే సంగతా? అందుకే నా చీర ఎవరికీ ఇవ్వలేదు, ముట్టనివ్వలేదు. భద్రంగా దాచాను.

కోడలు: అత్తా, కోపం తెచ్చుకోకు. మొన్న వచ్చినప్పుడు నువ్వు తాళాలిచ్చి దుప్పటి తీయమన్నావు. అప్పుడు ఆ చీర చూశాను. కొట్టువాడిచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే ఉంది, మడతల్లో కలరా ఉండలు. విప్పుతుంటే మడత ఉన్నచోటల్లా కత్తితో గీసినట్టు చీలి ఉంది. నెమలికంఠం రంగు అలాగే ఉంది, అంచు జరీ మాత్రం బొగ్గులా నల్లబడింది. మళ్ళీ మడిచి పెట్టేశాను. చెప్పడానికి నోరు రాలేదు.

అత్త: ...ఎన్ని చోట్ల?

కోడలు: మడతకో చోట. నీ తప్పేం లేదు, అందరూ అలాగే దాస్తారు. ప్లాస్టిక్‌లో చెమ్మ లోపలే ఉండిపోతుంది. వెండికి గాలిలో ఉండే గంధకం తగిలితే నల్లబడుతుంది, దాని మీద సెంటు కొడితే ఇంకా తొందరగా. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి బరువు పడితే పట్టు పోగు విరిగిపోతుంది. కలరా ఉండ జరీని ఆనుకుని ఉండనే కూడదు. పాత నూలు పంచెలో చుట్టి, మూడు నెలలకోసారి తీసి, మడత మార్చి, నీడపట్టున ఓ పూట ఆరబెట్టి ఉంటే ఆ చీర నేను కట్టుకునేదాన్ని.

అత్త: పెళ్ళినాడు కట్టాను, నోములనాడు కట్టాను. తర్వాత మీ బావ పుట్టాడు, రవికె పట్టలేదు. దేనికైనా తీద్దామంటే పాడవుతుందేమోనని భయం.

కోడలు: నేను చెప్పేదంతా అదే. పాడవుతుందని కట్టకపోతే ఇలా పాడైంది. నేను పట్టు గద్వాల అడిగేది చవకని కాదు. శ్రావణ శుక్రవారానికి కట్టుకోగలను, సీమంతానికి కట్టుకోగలను, గృహప్రవేశానికి కట్టుకుని వంటగదిలోకి వెళ్ళగలను. కిలో చీర ఆ తర్వాత ఎక్కడికి కట్టుకెళ్ళను? అమెరికాలో ఉన్న పెద్దక్క పెళ్ళిచీర ఇక్కడ అమ్మ బీరువాలోనే ఉంది. సూట్‌కేసులో ప్రతిసారీ పచ్చళ్ళకి చోటుంటుంది, దానికి ఉండదు.

అత్త: అంటే నేతగాళ్ళ పని మాటేమిటి? కంచిలో ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు వచ్చేలా నేయాలంటే మగ్గం దగ్గర రెండో మనిషి కూర్చుని అంచు నాడె అందించాలి. అందరూ తేలిక చీరలే కావాలంటే ఆ పని ఎవరు చేస్తారు?

కోడలు: గద్వాలలోనూ అంతే కష్టం ఉందత్తా. అంచుకీ ఒంటికీ వేరే నాడెలు, కలిసేచోట పోగుని పోగుతో మెలివేస్తారు. పాత పద్ధతిలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. చేనేతకి నష్టం నా గద్వాల వల్ల కాదు. అంచులో, కొంగులో డిజైన్ నేసే నూలు, పట్టు చీరల్ని 1985 నాటి చట్టం చేతిమగ్గానికే కేటాయించింది. ఇవాళ ఏ కొట్లో చూసినా మరమగ్గం చీరని చేనేత అనే అమ్ముతున్నారు. నీ ధర్మవరంలో నేతగాళ్ళు మొత్తుకునేది దాని గురించే. ఇంకో సంగతి చెప్పనా? తాళి కట్టే వేళకి మన ఇంట్లో పట్టుచీరే కట్టరు. మధుపర్కాలు కడతారు. తెల్లటి నూలు బట్ట, ఎర్రంచు. ముహూర్తానికి నూలు పనికొస్తుంది గానీ, దానికి ముందూ తర్వాతా కూర్చోడానికి మాత్రం కిలో పట్టు కావాలా?

అత్త: మధుపర్కం తంతు కోసం, పట్టుచీర వచ్చినవాళ్ళ కోసం. వచ్చినవాళ్ళు కూడా పెళ్ళిలో భాగమేనమ్మా. నీకు చిన్నప్పటినుంచీ పరికిణీలు కుట్టించినవాళ్ళు నిన్ను కంటినిండా చూసుకోవాలనుకుంటారు. దాన్ని ఆడంబరమని కొట్టిపారేయకు.

కోడలు: కొట్టిపారేయను. రిసెప్షన్‌కి వాళ్ళు చూసుకోవడానికే బరువైన లెహంగా అద్దెకి తెస్తున్నాను.

అత్త: ఎవరో కట్టి విడిచిందా?

కోడలు: ఉతికించి ఇస్తారు. రెండు గంటలు నిలబడటానికే కదా. లక్ష పెట్టి కొని జన్మలో మళ్ళీ తొడగని బట్ట అది. దాన్ని అద్దెకి తెచ్చుకుంటే, ఆ డబ్బుతో నాలుగు చీరలు నేతగాళ్ళ దగ్గరే కొనొచ్చు.

అత్త: సరే, దాని జోలికి రాను. కానీ నిన్న ఫోన్లో ఇంకో మాటన్నావు. ఐదారేళ్ళు కట్టాక పెళ్ళిచీర కత్తిరించి లాంగ్ ఫ్రాకు కుట్టించుకుంటానని. అది మాత్రం ఒప్పుకోను.

కోడలు: ఎందుకు? బీరువాలో చీలిపోవడం కంటే అది నయం కాదా?

అత్త: కాదు. చీరకి కొలత లేదు. అందుకే అమ్మది కూతురికి, వదినది మరదలికి, లావు వాళ్ళది సన్నవాళ్ళకి సరిపోతుంది. కత్తెర పడిన నిమిషానికి అది ఒక్క మనిషి కొలతకి, ఆ మనిషికి కూడా ఆ ఏటి కొలతకి కట్టుబడిపోతుంది. నువ్వు రెండు కిలోలు పెరిగితే ఆ ఫ్రాకు మూలపడుతుంది. రవికెల గతి చూడలేదూ? చీరంత ఖర్చుపెట్టి మగ్గం వర్క్ చేయిస్తున్నారు, కుట్టులో అంగుళం బట్ట వదలరు. ఏడాది తిరిగేసరికి పట్టదు. నీ రవికె పక్క కుట్టుల్లో రెండేసి అంగుళాలు వదలమని చెప్పు. చీరతో వచ్చిన ముక్క సాదాగా కుట్టించు. మగ్గం వర్క్ చేయిస్తే నాలుగు చీరల మీదకి నప్పే రంగు మీద చేయించు.

కోడలు: ఆ మాట బావుంది. మరి కత్తెర ఎప్పుడూ వెయ్యకూడదంటావా?

అత్త: చిరిగినప్పుడు వెయ్యాలి. బాగున్న చీర కొయ్యడం వేరు, చీలిన చీరలో బాగున్న మేరకి బతికించుకోవడం వేరు. అంచు విడదీసి కొత్త పట్టు మీద వేసి ఇస్తారు. చిన్న చిరుగులైతే వెనక పల్చటి నెట్ వేసి కుడతారు. అంచు వైపు బట్టతో చంటిపిల్లకి పరికిణీ వస్తుంది.

కోడలు: గుంటూరులో నా ఫ్రెండు ఒకమ్మాయి చర్చిలో తెల్ల పట్టుచీరతో పెళ్ళి చేసుకుంది. మళ్ళీ ఎక్కడికి కట్టాలని బెంగపడి, కుంకుమ రంగు అద్దకం వేయించింది. జరీ కాస్త మసకబారింది గానీ, క్రిస్మస్‌కి కడుతోంది. కత్తెర లేకుండా అలా కూడా చెయ్యొచ్చు. లేత చీర ముదురు చెయ్యగలం, ముదురుది లేత చెయ్యలేం. మన ఇంట్లో ఎవరైనా కట్టుకుంటామంటే నా చీర ఇస్తాను కూడా. పెళ్ళిచీర ఇంకొకరికి ఇవ్వకూడదంటారు, నాకా పట్టింపు లేదు.

అత్త: నాకుండేది. ముట్టనివ్వకుండా దాచి నేనేం బావుకున్నాను? ఇచ్చేటప్పుడు మాత్రం వాళ్ళకి కావాలో వద్దో అడిగి ఇవ్వు. ఇచ్చాక లెక్కలడగకు. పెళ్ళైన వారంలోపే డ్రైవాష్‌కి వెయ్యి. తలంబ్రాల పసుపు, చెమట, హోమం నెయ్యి ఊరితే తర్వాత పోవు. ఇంట్లో సబ్బు పెట్టకు.

కోడలు: నీ చీర నాకివ్వు అత్తా. అంచు తీయించి చూస్తాను. కొంగు మీద చీలికలు తక్కువున్నాయి.

అత్త: జరీ నల్లబడిందన్నావుగా?

కోడలు: పాలిష్‌కి ఎంత తేలితే అంత. తేలకపోతే నల్లంచుగానే ఉంటుంది.

అత్త: తీసుకెళ్ళు. నువ్వు గద్వాలే కొనుక్కో, నేరేడు రంగుది. ఒక్కటి మాత్రం నా మాట విను. పట్టు గద్వాలే తియ్యి, నూలుది వద్దు. నీలాంటి సన్నటిదానికి చీర కాస్త నిలబడాలి.

ఎంచుకునే విషయంలో నేను పూర్తిగా ఆ పిల్ల పక్షమే. కట్టుకునే మనిషి ఎత్తు, ఒళ్ళు, రంగు చూడాలి. కూర్చునే గంటలు లెక్కలోకి రావాలి. వీటి తర్వాతే వంశమర్యాద. కత్తెర విషయంలో అత్తగారిదే న్యాయం. బాగున్న చీరని కోయడం ఫ్యాషన్ పత్రికలు నేర్పిన తొందరపాటు, పునర్వినియోగమని దానికి పేరు పెట్టినంత మాత్రాన నష్టం తగ్గదు. వచ్చే నెల పెళ్ళిచీర కొనబోయేవాళ్ళని ఒకటే కోరుతున్నాను. డబ్బు కట్టే ముందు, ఆ చీర రెండోసారి ఏ రోజున కడతారో కొట్లో కూర్చునే అనుకోండి. రోజు తోచకపోతే ఆ చీర పక్కన పెట్టి ఇంకోటి తీయమనండి. ఇప్పటికే బీరువాలో పెళ్ళిచీర ఉన్నవాళ్ళు ఈ ఆదివారం దాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి తీయండి. మడత మార్చి, నూలు గుడ్డలో చుట్టండి.